మనవడి హోంవర్కులో హైదరాలీ

న్యూజెర్సీలో ఉండే మనవడు మొన్న ఆదివారం వీడియో కాల్లో హోంవర్కు చూపించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని ముగించిన పారిస్ సంధి మీద పోస్టరు చేయాలంట. 1783 సెప్టెంబరు 3, అమెరికా తరఫున ఆడమ్స్, ఫ్రాంక్లిన్, జే, ఇంగ్లండు తరఫున హార్ట్లీ, మొత్తం పది షరతులు అని గడగడా అప్పజెప్పాడు.

"ఆ యుద్ధం మన చిత్తూరు దాకా వచ్చింది నైనా" అన్నాను.

"అవ్వా, నువ్వు ఊరికే చెప్తావు" అని నవ్వాడు.

నాకు పౌరుషం వచ్చింది. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని!

అమెరికా వాళ్లకు తోడుగా ఫ్రాన్సు దిగింది కదా, దాంతో ఇంగ్లీషువాళ్లు ఇక్కడి ఫ్రెంచి రేవుల మీద పడ్డారు. 1779లో మాహే పట్టుకున్నారు. మైసూరు నేలే హైదరాలీకి మందుగుండు దిగేది ఆ రేవులోనే. పాత కోపాలు ఎట్లాగూ ఉన్నాయి, 1780లో కనుమలు దిగి, ఇంగ్లీషువాళ్ల అండలో ఉన్న ఆర్కాటు సీమ మీద విరుచుకుపడ్డాడు. ఏడాది తిరిగాక, 1781 సెప్టెంబరు 27న, షోలింగర్ దగ్గర ఓడాడు. చిన్నప్పుడు మా నాయన మమ్మల్ని నరసింహస్వామి కొండ ఎక్కించిన షోలింగరే. మెట్లెక్కి కాళ్లు పీకుతుంటే ఈ యుద్ధం కథ చెప్పేవాడు.

1782 నవంబరు 30న పారిస్‌లో సంధి ముసాయిదా మీద సంతకాలయ్యాయి. సరిగ్గా వారానికి, డిసెంబరు 7న, చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దండులో హైదరాలీ ప్రాణం పోయింది. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు వైపు ఉన్నాడు. సంగతి తెలిస్తే దండు చెదిరిపోతుందని హైదరాలీ మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు నోరు విప్పలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా పంపుతున్నట్టు కోలారుకు సాగనంపారు. క్లాసులో ఎంత అల్లరి పిల్లలైనా ఇక్కడికి వచ్చేసరికి గప్‌చిప్. వీడూ అంతే, పెన్సిలు కింద పెట్టేశాడు.

నాకు కడుపు మండేది మాత్రం కడలూరు సంగతికి. ఇంగ్లండు, ఫ్రాన్సు 1783 జనవరిలోనే రాజీపడ్డాయి. ఆ కబురు ఓడ మీద వచ్చేలోగా జూన్‌లో కడలూరు దగ్గర నేల మీదా నీళ్ల మీదా కొట్టుకుచచ్చారు. వాట్సాప్ లేని కాలం, ఏం చేస్తాం. కబురు అందగానే మంగళూరులో టిప్పు పక్కనున్న ఫ్రెంచివాళ్లు ఆయుధాలు దించేశారు. టిప్పు ఒంటరిగా మిగిలి, 1784 మార్చి 11న మంగళూరులో వేరే సంధి చేసుకున్నాడు.

"అయితే అమెరికా వాళ్లకు హైదరాలీ తెలీదు కదా?" అన్నాడు వాడు, నన్ను పట్టేసినట్టు.

"మీరు సెలవులకు పోయి ఇసుకలో ఆడుకునే కేప్ మే ఉందే, దాని ఎదుటే 1782 ఏప్రిల్ 8న పెన్సిల్వేనియా వాళ్ల ఓడ ఒకటి, 'జనరల్ మంక్' అనే ఇంగ్లీషు ఓడను పట్టుకుంది. కెప్టెన్ జాషువా బార్నీ. మరి వాళ్ల ఓడ పేరేమనుకున్నావు? హైదరాలీ!"

ఫోను మంచం మీద పడేసి వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు. కాసేపు నాకు వాళ్ల సీలింగు ఫ్యానే కనబడింది. మళ్లీ వచ్చి అడిగాడు:

"అవ్వా, స్పెల్లింగు చెప్పు."

"అలీకి ఎల్‌లు రెండు వెయ్యి. చివర ఐ కాదు, వై. వాళ్లు అట్లానే రాసుకున్నారు."