గుట్ట మీద 16 వాట్లు

మాది కళ్యాణదుర్గం వైపు చిన్న ఊరు. ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగింది. అక్కడికీ మాకూ మధ్య గుట్ట. మా అక్క కూతురు ఎంసెట్ క్లాసులు వినాలంటే సిగ్నల్ కోసం చెరువు కట్ట ఎక్కేది, చీకటి పడితే లేచి వచ్చేసేది. అది చూడలేకే గుట్ట దాటించి మా ఊరికి ఇంటర్నెట్ తెచ్చే పనికి దిగాను.

అడ్డమున్న గుట్టనే వాడుకున్నాం. పైన ఆంజనేయస్వామి గుడి పక్కన ఇనుప పైపు పాతి రెండు డిష్ రేడియోలు, అంటే ఇంటర్నెట్‌ను గాలిలో పంపే పెట్టెలు, బిగించాం. ఒకటి పంచాయతీ ఆఫీసు వైపు, ఇంకోటి మా బడి మేడ వైపు. అవి వాడే 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. డిష్‌ను వేలెడు జరిపితే సిగ్నల్ మైనస్ 78 నుంచి మైనస్ 60కి వచ్చింది; సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. ఆ సాయంత్రమే బడిలో వీడియో ఆడింది.

అసలు కష్టం కరెంటుతో వచ్చింది. గుట్ట మీదికి లైను లేదు. 75 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు, 12 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) బ్యాటరీలు రెండు, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టర్ ఒకటి పెట్టాం. నాలుగో రోజు తెల్లవారుజామున అంతా ఆగిపోయింది. బ్యాటరీ పాతదేమో అనుకుని మార్చాను. డబ్బు దండగ. మళ్లీ అదే కథ.

చివరికి టౌన్‌లో బ్యాటరీలు రిపేరు చేసే పెద్దాయన అడిగాడు: "ఏమప్పా, రేడియోలు తాగేదెంత, ఇన్వర్టర్ తాగేదెంత, లెక్క కట్టినావా?"

కూర్చుని కట్టాను. రేడియో ఒక్కోటి 8 వాట్లు. రెండూ కలిపి రోజుకు 384 వాట్ అవర్లు. ఇన్వర్టర్ ఏ పనీ లేకుండానే 15 వాట్లు లాగుతోంది, అంటే ఇంకో 360. ఎండ బాగా కాసినా మా ప్యానెళ్లు ఇచ్చేది 560 దాకానే. రోజూ అప్పే మిగులుతోంది!

ఇన్వర్టర్ తీసేశాను. బ్యాటరీలను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపి 24 వోల్టులు చేసి, ప్యానెళ్లనూ అలాగే కలిపాను. వోల్టేజీ ఎక్కువైనా తక్కువైనా 24 దగ్గరే నిలిపే చిన్న డీసీ కన్వర్టర్ పెట్టి, డేటా పోయే కేబుల్‌లోనే రేడియోలకు కరెంటు పంపాను.

తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే గుట్ట ఎక్కి మీటర్ పెట్టి చూశాను. 24.2. రేడియోల మీద పచ్చ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.