ఆసు నుంచి అమ్మకం దాకా

విజయవాడ హైవే మీద కొయ్యలగూడెం, సంస్థాన్ నారాయణపురం మండలంలో పుట్టపాక, ఇటు భూదాన్ పోచంపల్లి. ఉమ్మడి నల్లగొండలో చిటికి పని, అంటే దారానికే కట్లు వేసి రంగులద్ది నేసే ఇక్కత్, ఇంకా గట్టిగా నిలబడ్డ ఊళ్లివి. చేతిలో పని ఉన్న ఇల్లు అప్పులోంచి ఎట్లా బయటపడుతుందో చూద్దామని ఈ దారిన తిరిగాను.

మగ్గం ఎక్కకముందే పని సగానికి పైగా అయిపోతుంది. పట్టు దారాన్ని సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి బంక తీస్తే కిలోకు ముప్పావు కిలోనే మిగులుతుంది. తర్వాత ఆసు. అర్ధచంద్రాకారపు చట్రానికి కొట్టిన మేకుల చుట్టూ పేక దారాన్ని, అంటే నేతలో అడ్డంగా వచ్చే దారాన్ని, తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజాలు పోయేది ఇంటి ఆడవాళ్లకే. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ బాధ చూసే ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ పైన గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో కట్లు వేస్తారు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి పువ్వు అంచు చెదురుతుంది. పడుగు (మగ్గానికి ఎక్కించిన నిలువు దారం) బిగువు అంతటా ఒకేలా లేకపోతే మగ్గం మీద డిజైను పక్కకు జరుగుతుంది. వానాకాలంలో గుంట మగ్గంలోకి నీళ్లూరితే నేత ఆగిపోతుంది, ఖర్చు ఆగదు.

ఇలాంటి ఇళ్లు అప్పులోంచి బయటపడాలంటే శిక్షణ కావాలి, కానీ శిక్షణ అంటే నేత నేర్పితే చాలనుకోవడం తప్పు. నూలు, డిజైను రెండూ ఆసామివే (కూలికి నేయించుకునే యజమానివే) అయితే ఎంత నేర్చినా మిగిలేది కూలే. తానే నూలు కొని అమ్ముకోవాలంటే ముందు లెక్క రావాలి. పడుగుకు ఏడు చీరలు దిగుతాయనుకుందాం. ఒకటి మరకపడి సగం ధరకే పోతుంది. అప్పుడు మొత్తం ఖర్చును భాగించాల్సింది ఆరున్నరతో, ఏడుతో కాదు. ఆ ఖర్చులో భార్య తిప్పిన ఆసు, తల్లి దారం చుట్టిన కండెలు (నాడెలో పెట్టే చుట్టలు) కూడా కూలి కిందే రాయాలి. చాలా ఇళ్లలో ఈ రెండూ లెక్కలోకే రావు. చీర లాభానికి పోయిందనుకుంటారు, ఇల్లంతా ఉత్తపుణ్యానికి చేసినట్టవుతుంది.

అప్పు తీరూ చూసుకోవాలి. సంఘం అప్పుకు కిస్తీ నెలనెలా కట్టాలి. పట్టు పడుగు దిగడానికి నెల పైనే పడుతుంది, బేరగాడి డబ్బు ఇంకా ఆలస్యం. మొదటి పడుగు అమ్ముడయ్యేదాకా రెండు కిస్తీలు పక్కన పెట్టుకోనివాళ్లు సగం ధరకు చీర వదిలేసి మళ్లీ ఆసామి గడప ఎక్కుతారు.

ఇక అచ్చు గుడ్డల పోటీ. 2005 నాటికే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నా, మిల్లు ప్రింటు అదే పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. కొనేవాళ్లు చీర తిప్పి చూడాలి. చిటికి చీరలో వెనకవైపూ రంగు అంతే చిక్కగా ఉంటుంది, బొమ్మ అంచు కొద్దిగా అలలా కదులుతుంది. ప్రింటుకు వెనక వెలిసినట్టుంటుంది. అమ్మే కుటుంబాలకు కొనుగోలుదారుకు ఈ తేడా చూపించడం కూడా శిక్షణలో నేర్పాలి.