గ్రూట్ కాన్‌స్టాన్షియా: ద్రాక్షతోటల్లో డచ్చిదొరల బంగళా

కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్‌కి వెనకవైపు ఉంటుంది కాన్‌స్టాన్షియా. ఊరి నడిబొడ్డు నుంచి టాక్సీలో అరగంట చాలు. వాలు పొడవునా ద్రాక్షతోటలు, చెట్ల బాట చివర సున్నం కొట్టిన తెల్ల గోడలు, పైన గడ్డి కప్పు. గడ్డి కప్పు అనగానే మన పూరిళ్లు గుర్తొస్తాయి గానీ, ఇది దొరగారి దర్జాకి కట్టిన బంగళా.

1685లో డచ్ ఈస్టిండియా కంపెనీ ఈ భూమిని కేప్ (ఇప్పటి కేప్‌టౌన్ దగ్గరి డచ్ స్థావరం) కమాండర్ సైమన్ వాన్ డెర్ స్టెల్‌కి ఇచ్చింది. 1712లో ఆయన పోయాక ఎస్టేట్ ముక్కలైంది. 1778లో హెండ్రిక్ క్లూటే కొన్నాక మళ్లీ దశ తిరిగింది. అందరూ ఆగి ఫోటోలు తీసుకునే 1791 నాటి వైన్ గిడ్డంగి ఆయన కట్టించిందే. దాని నుదుటిమీద ఆంటన్ ఆన్రైత్ చెక్కిన శిల్పం ఉంది. నాకు బంగళా కన్నా అదే నచ్చింది. ఇక్కడి తీపి వైన్‌ని సెయింట్ హెలెనా దీవిలో బందీగా ఉన్న నెపోలియన్ కూడా తెప్పించుకున్నాడు. టూరిస్టులకి ఈ కథ చెప్పకుండా ఎవరూ వదలరు.

1885లో ప్రభుత్వం కొనేసింది. 1925లో బంగళా కాలిపోయింది, తర్వాత బాగుచేసి మ్యూజియం చేశారు. కాబట్టి లోపలి బీరువాలు, పింగాణీ చూసి క్లూటేల సొంత సామాను అనుకోకండి, చాలావరకు తర్వాత సేకరించి పెట్టినవే.

నేను ఎక్కువసేపు ఆలోచించింది మాత్రం బానిసల గురించి. ఈ తోటలు తవ్వింది, ద్రాక్ష తొక్కింది వాళ్లే. కేప్‌కి ఆఫ్రికా, ఇండోనేషియాతో పాటు బెంగాల్, మలబారు, కోరమండల్ తీరాల నుంచీ మనుషుల్ని ఓడల్లో తెచ్చారు. మచిలీపట్నం, పులికాట్ రేవుల్లో డచ్చివాళ్లు బట్టలతో పాటు, కరువు రోజుల్లో మనుషుల్నీ కొన్నారు. కేప్ రికార్డుల్లో కొందరి పేరు పక్కన ‘కోరమండల్’ అని ఊరి గుర్తుంటుంది. కొందరికైతే సొంత పేరు కూడా మిగల్లేదు, సెప్టెంబర్, ఫిబ్రవరి అంటూ నెలల పేర్లు తగిలించారు.

విచిత్రం ఏమిటంటే, వాన్ డెర్ స్టెల్ అమ్మమ్మ మోనికా కూడా విముక్తి పొందిన భారతీయ బానిసే. మనవడు గవర్నరై, బానిసల చేత తోటలు వేయించాడు. 1834లో బానిసత్వం రద్దయినా, ‘అప్రెంటిస్’ పేరుతో 1838 దాకా అదే యజమానుల దగ్గర పనిచేయించారు. వైన్ టేస్టింగ్‌కి ముందే బంగళా చూసిరండి. గ్లాసు చేతికొచ్చాక ఇవన్నీ చదివే ఓపిక ఎవరికీ ఉండదు.