ఫ్లెక్సీలో లేని లైను

పదకొండున్నర అయింది. ఆయన ధాన్యం లారీ వెంట గంగావతి వెళ్ళారు. చిన్నదానికి లెక్కల భయం తీరి నూటికి తొంభై వచ్చాయి, అది సంతోషమే, ఇంకో రోజు రాస్తాను. నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఒక ఫ్లెక్సీ.

నవమికి రామాలయం దగ్గర కట్టడానికి తాతయ్య గురించి నాలుగు లైన్లు రాసిమ్మని అన్నయ్య అడిగాడు. ఇచ్చాను. సాయంత్రం సింధనూరు నుంచి ఫ్లెక్సీ వచ్చింది. పెద్ద ఫొటో, కింద "మన క్యాంపులో తొలి అడుగు వేసినవారు" అని. కాలువ కింద భూములకి వలసొచ్చిన మా ఆంధ్రావాళ్ళు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. నా నాలుగు లైన్లలో మూడే ఉన్నాయి. "మొదటి ఏడాది పక్క ఊరి గౌడ్రు తమ పశువుల కొట్టంలో చోటిచ్చారు" అన్నది లేదు. గౌడ్రంటే ఇక్కడ ఊరి పెద్ద. అడిగితే, "చోటు చాల్లేదే. అయినా పండగ పూట కొట్టం సంగతెందుకు?" అన్నాడు. తాతయ్య తలపాగా పక్కన జానెడు ఖాళీ ఉంది. అక్కడ పూలదండ బొమ్మ పెట్టించాడు!

ఆ కొట్టం గురించి నాన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కింద భూములు చవక, అక్కడ ఎకరం అమ్ముకుంటే ఇక్కడ చాలా కొనుక్కోవచ్చని విని గోదావరి నుంచి బయల్దేరారు. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న మా రాయచూరు 1956లో మైసూరులో కలిసేదాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. బండి దిగేసరికి వాన. నల్లరేగడి. అడుగు తీసి అడుగు వేస్తే కాలికి శేరు మట్టి. చంకలో పెద్దత్త. కొట్టంలో ఓ మూల చాప పరిచి, గౌడ్రు వాళ్ళావిడ రెండు జొన్నరొట్టెలు, ఏదో ఆకు కూర తెచ్చి పెట్టిందట. పేరు పుండి పల్య అంది. నోట్లో పెట్టుకుంటే గోంగూర! "అది తిని ఏడ్చానే అమ్మాయ్" అనేది నాన్నమ్మ. రొట్టె తట్టడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకుంది. మరిగే నీళ్ళు పోసి పిండి కలపడం, అంచు పగలకుండా తిప్పుతూ తట్టడం, పెనం మీద వేశాక పైన తడి చెయ్యి రాయడం. చివరిదాకా ఆవిణ్ణి "రొట్టెల అవ్వ" అనే అంది. అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

తొలి అడుగు ఏమిటి, ఆ అవ్వ వాళ్ళు తరాలుగా జొన్న పండించిన నేల కదా అని అన్నయ్యతో గట్టిగానే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే తాతయ్య అరచేతులు గుర్తొస్తున్నాయి. ఎగుడుదిగుడు నేలని ఎడ్లతో మట్టి లాగించి, గట్లు వేసి మడులు చేసిన చేతులు. నేను పుట్టేనాటికి పిడికిలి పూర్తిగా ముడుచుకునేది కాదు. అన్నయ్య మీద కోపంతో ఆ కష్టాన్ని తగ్గించడం తప్పు. ఆ ఫొటో అక్కడ ఉండాల్సిందే.

కానీ కాలువ సంగతో? దాన్ని తవ్వింది తక్కువ నీళ్ళతో జొన్న, పత్తి లాంటివి ఎక్కువ నేలలో పండుతాయని. పైనున్న మేమంతా వరి వేశాం. కింద మాన్వి వైపు చివరి పొలాలకి నీళ్ళందక రైతులు ఇప్పటికీ రోడ్డెక్కుతున్నారు. గౌడ్రు తాతయ్యకి అమ్మింది కాలువ పక్క నేలే. ఆ డబ్బుతో కూతురి పెళ్ళి చేశారట. ఆ గౌడ్రు మనవడు ఇప్పుడు మా ట్రాక్టర్ నడుపుతున్నాడు.

అసలు గుచ్చుకుంటున్నది ఇదే. సాయంత్రం అతను తాళాలివ్వడానికి వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. "ఇదరాగ ఏన్ బరదార అక్కా?" అన్నాడు. ఏం రాశారని. కొట్టం గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. అన్నయ్య కూడా అక్కడ లేడు.

"మా తాతయ్య గురించి" అన్నాను. అంతే.

అతను ఫొటోకి చేతులు జోడించి దణ్ణం పెట్టి, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు.