40 వేల లోపు పవర్ మీటర్: తిరుపతి ఎండకు, ఘాట్ రోడ్డుకు తట్టుకునేది

తొక్కే బలాన్ని వాట్లలో చూపించే పవర్ మీటర్ కొనేముందు నేను ధరల పట్టిక తెరవలేదు, సైకిల్ క్రాంకు (పెడల్ బిగించే చేయి) చూశాను. షిమానో కంపెనీ 105 మోడల్, హాలోటెక్ 2 రకం, పొడవు 170 మి.మీ. ఈ ఒక్క వివరంతోనే సగం మీటర్లు పక్కకు పోయాయి.

స్పైడర్ (ముందు పళ్ల చక్రాలను పట్టి ఉంచే భాగం) మీద ఉండే మీటర్ రెండు కాళ్ల బలాన్నీ కలిపి కొలుస్తుంది. కానీ 105లో స్పైడరు క్రాంకుతో కలిసే వస్తుంది, విప్పడానికి రాదు. అంటే క్రాంక్‌సెట్ మొత్తం మార్చాలి. చక్రం నడుమ హబ్‌లో ఉండే మీటరుకు వెనక చక్రం విప్పి స్పోకులు మళ్లీ అల్లించాలి. ఫవేరో అసియోమా డ్యుయో లాంటి పెడల్ మీటర్లు రెండు సైకిళ్లున్నవాళ్లకు ఎంతో సుఖం, ఐదు నిమిషాల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు. వాటికి లుక్ కియో రకం క్లీట్లు (షూ అడుగున బిగించి పెడల్‌కు తగిలించే ముక్కలు) కావాలి. నావి వేరే రకం క్లీట్లకు పనికొచ్చే రెండు బోల్టుల ఎస్‌పీడీ షూస్, కాబట్టి పెడళ్లతోపాటు షూస్ ఖర్చు కూడా పడుతుంది. అలా మిగిలింది ఎడమ క్రాంకు మీటర్.

దీని లోటు ముందే తెలుసుకోవాలి. ఎడమ కాలి వాట్లను కొలిచి రెండింతలు చేసి చూపిస్తుంది. ఎడమ కాలి వంతు 48 శాతమే అయితే, అసలు 200 వాట్లు తొక్కినా 192 అంటుంది. అలసిపోయాక ఈ వంతు మారవచ్చు కూడా. అయినా ఒకే మీటరుతో ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ వాట్లు) తీసి, అదే మీటరుతో శ్రమ జోన్లు పెట్టుకుని శిక్షణ చేసేవాళ్లకు ఇది సరిపోతుంది. ఒక కాలికి పాత గాయం ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదనే నా అభిప్రాయం.

ఆర్డరు పెట్టేముందు క్రాంకుకు, ఫ్రేముకు మధ్య సందు కొలవాలి. మీటర్ డబ్బా క్రాంకు లోపలి వైపు అతికి ఉంటుంది. ఎడమ క్రాంకు తిప్పుతూ, చెయిన్‌స్టేకు (వెనక చక్రం ఇరుసు దాకా వెళ్లే ఫ్రేము గొట్టం) మరీ దగ్గరగా వచ్చే చోట అలెన్ కీలు ఒక్కోటి దూర్చి చూశాను. 10 మి.మీ. కీ తేలిగ్గా దూరింది. ఆ కొలతను మీటర్ మందంతో పోల్చి చూసుకున్నాకే డబ్బు కట్టాలి. వెనక బ్రేకు చెయిన్‌స్టే కింద ఉండే ఫ్రేములకు పట్టకపోవచ్చు.

బిగింపులో ఓపిక కావాలి. ముందు క్రాంకు చివరి ప్లాస్టిక్ మూత 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి, అంటే టార్క్‌కు కొలత), అంటే వేళ్ల బలమే. ఎక్కువ బిగిస్తే బేరింగులు నలుగుతాయి. తర్వాత స్టాపర్ ప్లేటు (క్రాంకు జారిపోకుండా ఆపే చిన్న బిళ్ల) మొన ఇరుసు రంధ్రంలో కూర్చోవాలి. ఆ పైన 5 మి.మీ. అలెన్ కీ పట్టే బోల్టులు రెండూ, ఒకటి మార్చి ఒకటి, 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల వరకు. ఎడమ పెడల్ మర తలకిందులు, అంటే అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది, మరకు గ్రీజు రాయాలి.

మీటర్ యాప్‌లో క్రాంకు పొడవు 172.5 మి.మీ.గా ఉండిపోతే, 170 క్రాంకు మీద ప్రతి వాట్ల అంకె సుమారు 1.5 శాతం ఎక్కువ చూపిస్తుంది. అందుకే బరువు పరీక్ష చేశాను. తూకం వేసిన 10 కిలోల బియ్యం సంచిని ఎడమ పెడల్ ఇరుసుకు తాడుతో వేలాడదీసి, క్రాంకును ముందుకు అడ్డంగా నిలిపి, వెనక బ్రేకు నొక్కి పట్టాలి. యాప్‌లో టార్క్ 10 × 9.81 × 0.17 (బరువు × గురుత్వం × క్రాంకు పొడవు మీటర్లలో) అంటే సుమారు 16.7 న్యూటన్ మీటర్లు రావాలి. రెండింతలు చేసి చూపించే యాప్‌లో 33.4. బరువు తీసేశాక సున్నాకు తిరిగి రావాలి, అది మరీ ముఖ్యం.

రోడ్డు మీద సరిచూడటానికి భాకరాపేట ఘాట్ వైపు వెళ్లొచ్చు. మనిషి, సైకిల్ కలిపి 79 కిలోలు, వాలు 6 శాతం, వేగం గంటకు 12 కి.మీ. అయితే ఎత్తు ఎక్కడానికే 155 వాట్లు పోతాయి. టైరు రాపిడి, గాలి కలిపితే సుమారు 175. ఎదురుగాలి లేని పూట మీటర్ 150 అనో 200 అనో అంటే ఎక్కడో తప్పుంది.

మన ఊళ్లో అసలు ఇబ్బంది ఎండ. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర ఉన్న సైకిల్ బయటికి రాగానే లోహం వేడెక్కి, బలం లేనప్పుడు మీటర్ చూపాల్సిన సున్నా పక్కకు తప్పుతుంది. అర న్యూటన్ మీటరు తేడా నిమిషానికి 90 చుట్లు (ఆర్‌పీఎం) తొక్కేటప్పుడు 4.7 వాట్లు, రెండింతలయ్యేసరికి 9 దాటుతుంది. అందుకే సైకిల్‌ను 15 నిమిషాలు బయట ఉంచి, క్రాంకు నిలువుగా కిందికి పెట్టి, పెడల్ మీద కాలు లేకుండా జీరో ఆఫ్‌సెట్ (సున్నాను మళ్లీ సరిచేయడం) చేస్తాను. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే చంద్రగిరి దగ్గర టీ తాగేటప్పుడు మళ్లీ ఒకసారి. కొత్తగా బిగించినప్పుడు నాలుగైదు స్ప్రింట్లు కొట్టాకే చేసిన జీరో నిలుస్తుంది, బోల్టులు అప్పటికి సర్దుకుంటాయి.

ఫోనుతోనే రికార్డు చేసేవాళ్లు బ్లూటూత్ ఉందో లేదో చూసుకోవాలి. మీటర్లు వాడే మరో వైర్‌లెస్ పద్ధతి యాంట్ ప్లస్ చాలా ఫోన్లలో ఉండదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. మీటరులోని సీఆర్2032 బటన్ సెల్లు మూత కింది రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి, తడిసి వచ్చిన రోజు మూత తీసి ఆరబెడితే పిన్నులకు పచ్చటి చిలుము పట్టదు. రైడ్ మధ్యలో వాట్లు ఉన్నట్టుండి మాయమైతే ముందు చూడాల్సింది ఆ మూతే.