చక్కెర జబ్బు నుంచి తేరుకున్న మా మల్లి

హైదరాబాదులోని ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి మా పిల్లి మల్లిని ఇంటికి తెచ్చుకునే నాటికి దానికి పదేళ్లు దాటి ఉంటాయని పళ్లు చూసిన పశువైద్యురాలు చెప్పారు. ఇల్లు మారుతున్నవాళ్లెవరో దాన్ని అపార్టుమెంటు సెల్లారులో వదిలేసి వెళ్లారట. చక్కెర జబ్బు ఉన్న ముసలి పిల్లిని పెంచుకుంటామని అడిగేవారు ఎవరూ లేకపోయారు. మా అమ్మకు ఏళ్ల తరబడి ఇన్సులిన్ ఇచ్చినదాన్ని కనుక సూది అంటే నాకు భయం లేదు.

నన్ను కలవరపెట్టింది దాని నడక. పిల్లులు సహజంగా వేళ్ల మీద నడుస్తాయి; మల్లి మాత్రం వెనక కాళ్ల మడమలను నేలకు ఆనించి, నడుము కుంగి, ఈడ్చుకుంటూ వచ్చేది. చాలాకాలం అదుపులో లేని చక్కెర నరాలను దెబ్బతీస్తే పిల్లుల్లో ఇలాగే అవుతుందని డాక్టరుగారు వివరించారు. గిన్నెలో నీళ్లు ఎన్ని పోసినా చాలేవి కావు, ఎంత తిన్నా వెన్నుపూసలు చేతికి తగిలేవి.

చికిత్సగా 12 గంటలకొకసారి ఒక యూనిట్ గ్లార్జిన్ ఇన్సులిన్ రాశారు. పొడి మేత మాన్పించి, పిండిపదార్థం తక్కువగా ఉండే తడి ఆహారానికి మార్చమన్నారు. నోటిలో ఇన్ఫెక్షన్ ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు కనుక పుచ్చిన పళ్లు తీయించాము. ఇక్కడ కొత్తవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి: మన మందుల దుకాణాల్లో ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కు ఉద్దేశించినవి. మేము వాడే గ్లార్జిన్ 100 యూనిట్ల రకం; దాన్ని ఎర్ర మూత సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. నాలుగు కిలోల ప్రాణికి అది ప్రాణాంతకం కావచ్చు.

ఆసుపత్రిలో భయంతోనే పిల్లి రక్తంలో చక్కెర బాగా పెరిగిపోతుంది కాబట్టి, అక్కడ చేసిన ఒక్క పరీక్షను చూసి మోతాదు పెంచడం సరికాదు. అందుకే ఇంట్లోనే పరీక్షించడం నేర్చుకున్నాను. గోరువెచ్చని గుడ్డను చెవికి కాసేపు అద్ది, అంచు వెంబడి సాగే సన్నని రక్తనాళం పక్కన సూదితో తాకితే, ఆవగింజంత రక్తపు బొట్టు పైకి వస్తుంది. మనుషుల గ్లూకోమీటరు పిల్లుల్లో అసలు కంటే కొంత తక్కువ చూపుతుంది కనుక, ఆ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలో డాక్టరుగారినే అడిగి రాసుకున్నాను. మొదట్లో విదిలించుకున్న మల్లి, పరీక్ష అవగానే ఉడికించిన కోడిమాంసం ముక్క వస్తుందని తెలిశాక, మీటరు పెట్టె తెరిచిన చప్పుడుకే వచ్చి కూర్చునేది.

ఆహారం మారాక ఇన్సులిన్ అవసరం తగ్గుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం రక్తంలో చక్కెర మరీ పడిపోయి అది తూలుతూ గోడకు ఆనుకుని నిలబడితే, చూసిన వెంటనే చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఆ రోజు నుంచి మోతాదు సగానికి తగ్గించారు; తర్వాత కొన్ని నెలలకు, ఇంటి పరీక్షల లెక్కలన్నీ చూసి, పూర్తిగా ఆపించారు. పిల్లుల్లో ఈ జబ్బు ఇలా వెనక్కి తగ్గడం సాధ్యమే కానీ, మళ్లీ తిరగబెట్టనూ వచ్చు.

మడమలు మెల్లమెల్లగా నేల నుంచి లేచాయి. ఇప్పుడది కిటికీ గట్టు మీదికి ఒక్క గెంతులో ఎక్కగలదు. వయసు రీత్యా మూత్రపిండాల పరీక్ష కూడా చేయిస్తున్నాము; వారానికొకసారి చెవి పరీక్ష మాత్రం మానలేదు.