బగ్ కోడ్‌లో లేదు

పొద్దున్నే కూర్చున్నది చిన్న పనికి, గంటలో తేల్చేద్దాం అనుకున్నా. ఓ కడ్డీ, ఒక చివర వేడి చేస్తే రెండో చివరకి ఎప్పుడు చేరుతుంది, అంతే. ఫోరియర్ 1822లో చెప్పిన సూత్రమే, కోడ్ ఇరవై లైన్లు కూడా లేదు. కడ్డీని చిన్న చిన్న గడులుగా (గ్రిడ్), కాలాన్ని చిన్న చిన్న అంగలుగా (టైమ్ స్టెప్) కోసి, లెక్క తేలికవ్వాలని కాంతి వేగం 1 అని పెట్టుకుని రన్ చేశా. గ్రిడ్‌లో గడి సైజు సగం చేస్తే టైమ్ స్టెప్ నాలుగో వంతుకి దించాలి కదా, లేకపోతే లెక్క చెడిపోతుంది, దాంతో వేడి గడి నుంచి గడికి దూకే వేగం ప్రతిసారీ రెట్టింపు అయిపోతోంది, నాలుగోసారికి కాంతిని దాటేసింది! ఫోరియర్ ఈక్వేషన్‌లో వేడికి స్పీడ్ లిమిట్టే లేదని ఎప్పుడో చదివిందే, కానీ కళ్ళ ముందు అంకెలు అలా పరిగెడుతుంటే వేరేగా ఉంది.

సరే, కాంతిని ఏదీ దాటకూడదనే రిలేటివిటీకి సరిపోయేలా 1940లో ఎకార్ట్ అనే శాస్త్రవేత్త రాసిన వేడి ఈక్వేషన్ ఉందిగా అని అది ఎక్కించా. అందులో నాకు నచ్చేది ఏంటంటే టెంపరేచర్ తేడా ఒక్కటే కాదు, యాక్సిలరేషన్ కూడా వేడిని తోస్తుంది (వేడికీ బరువుంటుంది మరి, నిలువుగా ఉన్న కడ్డీ సమతాస్థితిలో ఉన్నా కింది చివర పిసరంత వేడిగానే ఉంటుంది, భూమ్మీద మీటరుకి 10¹⁶లో ఒక వంతు). రన్ చేస్తే అంకెలు హద్దు లేకుండా పెరిగి పేలిపోయి, స్క్రీన్ నిండా నాన్, నాన్, నాన్ (NaN, ‘ఇది అంకే కాదు’ అని కంప్యూటర్ చేతులెత్తేయడం). స్టెప్ సగం చేశా, మళ్ళీ పేలింది. ప్లస్ మైనస్‌లు అన్నీ మూడుసార్లు చూశా, మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది. సాయంత్రం తట్టింది, స్టెప్ ఎంత తగ్గించినా పేలే టైమ్ మాత్రం మారట్లేదు! లెక్క తప్పైతే మారాలిగా. హిస్కాక్, లిండ్‌బ్లమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1985లోనే చూపించారు, ఆ ఈక్వేషనే నిలబడదని, గది టెంపరేచర్‌లో ఉన్న మామూలు నీళ్ళు కూడా దాని ప్రకారం 10⁻³⁴ సెకన్ల లెక్కలో పేలిపోవాలట. గ్లాసులో నీళ్ళ వంక ఓసారి చూశా, బానే ఉన్నాయి.

ఇప్పుడు ఇజ్రాయెల్-స్టూవర్ట్ ఈక్వేషన్ పెట్టా (ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లు), వేడి ప్రవాహం తేరుకోడానికి కాస్త టైమిచ్చే పద్ధతి. ఆ టైమ్ మరీ తక్కువ పెడితే మళ్ళీ కాంతిని దాటేస్తుంది, అందుకే కొంచెం ఎక్కువే ఇచ్చా. ఇది రాస్తుంటే పక్కన నడుస్తూనే ఉంది, వేడి అంచు సగం దూరం వచ్చింది, అవతలి చివర ఇంకా సున్నానే.